కుటుంబ సభ్యులు అనర్హులు

షాపు పైగది నుంచి,
మార్చి మొదట్లో

అక్కా,

నీ మాట ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. మీ కొండ మీద ఫోను లైను గరగరలాడుతుందనీ, మెయిల్ అయితే నేను రెండు ముక్కలతో సరిపెట్టేస్తాననీ నువ్వన్నది నిజమే. కానీ నా దస్తూరి ఎంత ఘోరంగా తయారైందో చూడు. రోజంతా స్క్రూడ్రైవరు పట్టే చేతికి పెన్ను పరాయిదైపోయింది.

కబురేమిటంటే, మన "విప్పి చూద్దాం" బ్లాగులో మొదటిసారి ఒక పోటీ పెట్టబోతున్నాను. ఒక కంపెనీ వాళ్ళు కొత్త పరికరం తెచ్చారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. చొక్కాకి తగిలించుకోవచ్చు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు దాని తెర మీద అక్షరాలుగా పడతాయి, మన భాషలో కూడా. పరీక్షించి రాయమని నాకొకటి పంపారు. పాఠకులకి బహుమతిగా ఇంకొకటి ఇస్తామన్నారు.

ముందు మీ మరదలి మీద ప్రయోగించాను. తను "కూర మాడింది" అంటే అది "కూర పాడింది" అని రాసింది. "అయితే మీరు కూర్చుని వినండి, నేను బయట తినేసి వస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ సంగతి కూడా బ్లాగులో రాస్తాను.

పోటీ ఎందుకంటే, పాఠకులు తగ్గిపోతున్నారు. కింద షాపులో పగిలిన తెరలు మార్చడం పొట్టకోసం, పైగదిలో ఈ రాతలు మనసుకోసం. ఒక పరికరాన్ని విప్పి, లోపల ఏ ముక్క ఎక్కడుందో, ఏది నాసిరకమో పేజీలకొద్దీ రాస్తే ఈరోజుల్లో చదివే ఓపిక ఎవరికుంది? అందరూ వీడియోలకి అలవాటుపడ్డారు. పోటీ పెడితే నలుగురు కొత్తవాళ్ళు వస్తారని ఆశ. "ఇది మీకెందుకు కావాలి?" అని బ్లాగు కిందే ఒక పేరా రాయమంటాను. రాసినవాళ్ళ పేర్లన్నీ కలిపి చీటీ తీస్తాను. కంపెనీలో ప్రచారం చూసే ఆవిడ, తమ పేజీని ఫాలో అయినవాళ్ళకే అర్హత అని పెట్టమంది. కుదరదన్నాను. ముఖం ముడుచుకునే ఒప్పుకుంది.

నిబంధనలు రాయడానికి నీ సాయం కావాలి. చిన్నప్పుడు మన ఆటలన్నిటికీ నిబంధనలు పెట్టింది నువ్వే కదా. నువ్వు ఓడిపోయే నిబంధన ఒక్కటి ఉంటే ఒట్టు.

తమ్ముడు


కొండ మీద, వాతావరణ కేంద్రం,
మార్చి చివర

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం జీపులో ఉల్లిపాయల సంచీ కింద నలిగి వచ్చింది. నీ దస్తూరికి నవ్వు రాలేదు, బెంగపట్టుకుంది.

నిబంధనలు చెబుతాను, రాసుకో. మొట్టమొదటిది, పెద్ద అక్షరాలతో: నిర్వాహకుడి కుటుంబ సభ్యులు అనర్హులు. అది లేకపోతే ఎవరికిచ్చినా నీ బామ్మర్దికిచ్చావనే అంటారు. మనిషికి ఒక్క జవాబే. ఒకే ఇంటర్నెట్ లైను నుంచి రెండు వస్తే ఫోన్ చేసి కనుక్కో. చీటీ తీసేది మొదటినుంచి చివరిదాకా వీడియో తియ్యి. వచ్చిన పేరు నీకు నచ్చకపోయినా మార్చకూడదు. ఇవి చాలు. నిబంధనలు ఎక్కువైతే తప్పించుకునే దారులూ ఎక్కువవుతాయి.

ఆఫీసు కంప్యూటరులో నీ బ్లాగు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అది మా తమ్ముడిదని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే పాడైన ఫోన్లన్నీ తెచ్చి నా ఒళ్ళో పోస్తారు.

ఇక్కడ పని మామూలే. పొద్దున్నే గాలి వేగం, తేమ, మబ్బుల ఎత్తు చూసి కింది ఆఫీసుకి పంపడం. రోప్‌వే వాళ్ళు ఫోన్ చేస్తే ఆరోజు బళ్ళు నడపొచ్చో లేదో చెప్పడం. విసుగల్లా ఒక్కటే. ఈమధ్య మనుషులు మాట్లాడటం మర్చిపోయారు. అందరూ నోట్లో నోట్లోనే గొణుక్కుంటున్నారు. మీ బావ సెలవుకి వచ్చారు కదా, ఆయనా అంతే. "కాస్త గట్టిగా చెప్పండి" అంటే, "అరుస్తున్నానే తల్లీ" అంటారు. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ ఆయన గొంతు అరిగిపోయినట్టుంది.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నాను. ఆ డబ్బా వెనక నుంచి మాట్లాడినా రాస్తుందా? గాలి హోరులో పనిచేస్తుందా? ఫోనులో వచ్చే గొంతుని పట్టుకుంటుందా? నీ పాఠకులు అడుగుతారు, ముందే చూసిపెట్టుకో.

అక్క


షాపు పైగది నుంచి,
ఏప్రిల్

అక్కా,

పోటీ మొదలైంది, నా ప్రాణం మీదికొచ్చింది. వచ్చిన జవాబులు చదవడానికే సాయంత్రాలు సరిపోవడం లేదు. మీ మరదలు పక్కన కూర్చుని అసలువీ దొంగవీ వేరు చేస్తోంది. బహుమతుల వేటగాళ్ళని ఒక జాతి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒకాయన డజన్లకొద్దీ పేర్లతో రాశాడు, అన్నిట్లోనూ "అవసారం" అనే ఉంది. మీ మరదలే పట్టుకుంది. "ఇన్ని అవతారాలు ఎత్తినవాడు ఒక్కదాంట్లోనైనా బడికి వెళ్ళుండాల్సింది" అంది.

మంచివీ ఉన్నాయి. ఒక మంగలాయన, జుట్టు కత్తిరించే మిషను చప్పుడులో కుర్చీలో కూర్చున్న ముసలాళ్ళు ఏమడుగుతున్నారో తెలియక అందరికీ ఒకే క్రాపు వేసేస్తున్నానని రాశాడు. ఒక సంగీతం టీచరు, తను తిట్టిన తిట్లు పిల్లలకి చదివి వినిపించడానికట. కోర్టులో స్టెనోగా చేసే ఒకావిడ రాసింది మాత్రం నన్ను కాసేపు ఆపేసింది. "ఇలాంటిది వస్తే ఇక నాలాంటివాళ్ళు అక్కర్లేదంటున్నారు. నా పని తీసుకోబోయేదాన్ని ఒకసారి దగ్గరగా చూడాలని ఉంది" అని.

నీ ప్రశ్నలకి జవాబులు: వెనక నుంచి మాట్లాడితే రాస్తుంది కానీ ఎవరు మాట్లాడారో చెప్పదు. ఫ్యాను ఎదురుగా పెడితే గాలిని కూడా భాషే అనుకుని "స స స" అంటూ తెరంతా నింపేసింది. ఫోనులో గొంతుని సగమే పట్టుకుంది. ఇవన్నీ బ్లాగులో పెట్టాను. కంపెనీ ఆవిడ ఫోన్ చేసి, "గాలి సంగతి అంత వివరంగా అవసరమా?" అంది. అవసరమే అన్నాను. విచిత్రమేమిటంటే ఈ ప్రశ్నలు నువ్వు తప్ప ఇంకెవరూ అడగలేదు.

నువ్వెలా ఉన్నావు? పోయిన ఉత్తరంలో వాతావరణం గురించీ బావ గొంతు గురించీ రాశావు. నీ గురించి రాయలేదు.

తమ్ముడు


కొండ మీద, వాతావరణ కేంద్రం,
మే

ఒరేయ్,

బాగానే ఉన్నాను. నా గురించి రాయడానికేముంది.

ఇక్కడ ఒక చిన్న గొడవ జరిగింది. పోయిన వారం పొద్దున్నే గాలి ఉన్నట్టుండి లేచింది. రోప్‌వే కుర్రాడు ఫోన్ చేసి ఏదో అడిగాడు. నడపమంటారా అని అడిగాడనుకుని వద్దు వద్దు అన్నాను. వాడు అడిగింది ఆపమంటారా అనిట. నేను వద్దన్నానని బళ్ళు నడిపేశాడు. సగం దారిలో ఒక బండి గాలికి పక్కకి ఊగిపోయి, దానంతటదే ఆగిపోయింది. లోపల ఒక కుటుంబం ఉంది, చంటిబిడ్డతో. గాలి తగ్గాక దించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ బిడ్డ తల్లి దిగాక చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయిందట.

లైను బాగోలేక అలా జరిగిందని రాసిచ్చాను. మా ఆఫీసరుగారు సరేనన్నారు. లైను చూడ్డానికి మనుషుల్ని పంపిస్తారట.

నీ పోటీ సంగతి రాయి. చీటీ ఎప్పుడు తీస్తున్నావు?

అక్క


షాపు పైగది నుంచి,
మే చివర

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒకే ఇంటర్నెట్ లైను నుంచి రెండు జవాబులు వచ్చాయి, అక్షరం తేడా లేకుండా. "మా ఆఫీసులో ఒక పెద్దావిడకి చెవులు సరిగా వినపడవు. ఈ పరికరం ఆవిడకి పనికొస్తుంది" అని. నువ్వు పెట్టిన నిబంధన ప్రకారం ఫోన్ చేశాను. ఒకాయన ఎత్తాడు. జీపు డ్రైవరునన్నాడు.

"మీ పేరుతో ఒకటి, ఇంకో పేరుతో ఒకటి వచ్చాయి. రెండూ ఒకటే. ఏది అసలుది?" అన్నాను.

"రెండూ అసలైనవే సార్. ఆ రెండోది మా వంటాయన రాశాడు. ఇద్దరం రాస్తే రెండు చీటీలు పడతాయి కదా అని."

"ఎవరికోసం?"

"మా మేడం గారికోసం సార్. కొండ మీద గాలీ వానా చూసే ఆఫీసు మాది. వెనక నుంచి పిలిస్తే ఆవిడ పలకరు. మొదట్లో పొగరనుకున్నాం. తర్వాత తెలిసింది వినపడట్లేదని. మాకు తెలుసని ఆవిడకి తెలీదు. రోప్‌వే గొడవైన కాణ్ణుంచీ ఆవిడ భోజనం కూడా సరిగా చెయ్యట్లేదు సార్."

"ఆవిడకి చెప్పే రాశారా?"

"చెబితే ఊరుకుంటారా? ఆవిడ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఎప్పుడు చూసినా మీ బ్లాగే చదువుతుంటారు. మేం కొనిస్తే తిట్టి పంపేస్తారు గానీ, మీ దగ్గర్నుంచి వస్తే తీసుకుంటారని ఆశ."

నేనెవరో చెప్పలేదు. చూస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

అక్కా, మీ లైను బాగానే ఉంది. ఆయన మాట ప్రతి అక్షరం వినపడింది.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ జవాబు కంపెనీ ఆవిడ కంటపడింది. "కొండ, గాలి, వినపడని ఆఫీసరమ్మ! మా ప్రకటనకి ఇంతకంటే ఏం కావాలి? చీటీ ఎలా తీస్తారో మీ ఇష్టం. ఈ పేరే రావాలి" అంది. ఆవిడకి మన చుట్టరికం తెలియదు. మీ మరదలు కూడా, "డ్రైవరు మనకేం చుట్టం కాదు కదా. పంపించెయ్యండి, ఎవరికి తెలుస్తుంది?" అంటోంది. అది చెడ్డ మాటని నేననలేను. ఒక చీటీని వేళ్ళ సందున దాచుకోవడం ఏమంత పని? నీకోసం అంతకంటే పెద్ద తప్పులైనా చేస్తాను. కానీ నిన్ను అడక్కుండా చెయ్యలేను.

ఏం చెయ్యమంటావు? ముందు అది చెప్పు. నాకెందుకు చెప్పలేదో తర్వాత చెబుదువుగాని.

తమ్ముడు


కొండ మీద,
జూన్

తమ్ముడూ,

నేను చెవిటిదాన్ని కాను. ఈ కొండ మీద గాలికి ఎవరికైనా అంతే.

ఇన్నాళ్ళూ వీళ్ళంతా నన్ను వెనక నుంచి పిలిచి, పలుకుతానో లేదో చూసి, ఒకరికొకరు సైగలు చేసుకున్నారన్నమాట. నేను వీళ్ళతో కలిసే భోజనం చేశాను. నా చెవుల గురించి ఊరూపేరూ తెలియనివాళ్ళంతా చదివేలా నీ బ్లాగులో రాశారు. నువ్వు దాన్ని అందరికీ కనపడేలా ఉంచావు.

ఆ రెండు జవాబులూ ఇప్పుడే తీసెయ్. రెండు వచ్చాయని మాత్రమే కాదు. అవి నాకోసం రాసినవి. నాకోసం అంటే నీ ఇంటికోసమే. డ్రైవరు చేతిమీదుగా వస్తే నేను నీ అక్కని కాకుండా పోతానా? నీ బ్లాగుకి ఉన్నది ఒక్క మంచిపేరే. అది కూడా నామీద ఖర్చుపెట్టి, ఆ బరువు నన్ను మోయమంటావా?

చీటీ సరిగ్గా తియ్యి. నా సంగతి ఇంక ఎత్తకు.

అక్క


షాపు పైగది నుంచి,
జూలై

అక్కా,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. బావకి ఫోన్ చేస్తే, నువ్వు ఆయనతో కూడా ముక్తసరిగానే ఉన్నావన్నారు. నువ్వు వద్దన్నది ఎత్తను. పోటీ సంగతి మాత్రం చెప్పాలి.

ఆ జవాబులు రెండూ తీసేశాను. ఇద్దరికీ ఫోన్ చేసి, మీరు రాసిన మనిషి మా అక్క, అందుకే తీసేశానని చెప్పాను. వంటాయన సరే సార్ అని పెట్టేశాడు. డ్రైవరు మాత్రం, "అయితే సార్, పోటీ లేకుండా మీరే కొనివ్వొచ్చు కదా" అన్నాడు.

చీటీ ఎలా తియ్యాలన్నది పెద్ద చర్చ అయింది. కంప్యూటరు చేత తీయిస్తే, నేనే దానికి ముందే నేర్పానంటారు. గిన్నెలో వేసి తీస్తే, అడుగున పట్టుకున్నానంటారు. చివరికి మీ మరదలు చీటీలన్నీ తీసుకెళ్ళి ఖాళీ వాషింగ్ మెషీన్లో పోసింది. మూత అద్దంలోంచి చీటీలు గిరగిరా తిరుగుతుంటే వీడియో తీశాను. ఆగాక తనే కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. చూసినవాళ్ళు ఇదెక్కడి పద్ధతని నవ్వారు గానీ, అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

కోర్టు స్టెనో ఆవిడకి వచ్చింది.

కంపెనీ ఆవిడ మర్నాడే ఫోన్ చేసింది. "ఉద్యోగాలు పోతాయని భయపడే మనిషి ఫోటోని మా ప్రకటనలో మేమే వేసుకోవాలా? మళ్ళీ తీయండి" అంది. మళ్ళీ తియ్యనన్నాను. "అయితే బహుమతి మా దగ్గర లేదు" అని పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. జరిగింది జరిగినట్టు బ్లాగులో పెట్టాను. నాకు ఇంక ఎవరూ ఏదీ పంపరని మిగతా బ్లాగుల వాళ్ళు అంటున్నారు. అనడమేమిటి, ఈ నెల రావలసిన రెండు పార్సిళ్ళు అప్పుడే రాలేదు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది నాకు పరీక్షకి ఇచ్చిన డబ్బా ఒక్కటే. బజారులో కొందామంటే, ఇంకా అమ్మకానికి రాలేదు. మీ మరదలు దాన్ని అట్టపెట్టెలో సర్ది, పైన నీ అడ్రసు రాసి బల్ల మీద పెట్టింది. గెలిచినావిడకి మాటిచ్చింది కంపెనీ, మనం కాదు అంటుంది. నాకు అలా అనిపించడం లేదు. పోటీ నా పేరు మీదే జరిగింది. కానీ ఆ పెట్టె మీద నీ అడ్రసు చూస్తూ ఇంకొకరి అడ్రసు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంకా టేపు వెయ్యలేదు.

తమ్ముడు


కొండ మీద, వాతావరణ కేంద్రం,
ఆగస్టు

ఒరేయ్ తమ్ముడూ,

టేపు వెయ్యి. అడ్రసు మార్చి, ఆవిడకి పంపించు. గెలిచినావిడ ఎదురుచూస్తోంది. అమ్మకానికి కూడా రాని వస్తువు నీ చేతిలో ఉంచుకుని, ఆవిడ చేత ఊరికే చెయ్యి చాపించడం తప్పు. మరదలికి చెప్పు, తన మనసు నాకు తెలుసు, కోపం లేదని.

నాకు నీమీద కూడా లేదు. మొదట ఉండేది. నీ ఉత్తరంలో వాషింగ్ మెషీను సంగతి చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు.

మర్నాడు జీపెక్కి, "కింద ఆసుపత్రికి పోనీ" అన్నాను. డ్రైవరు ఎందుకని అడగలేదు. దారిలో ఏం చెప్పాలన్నా మొహం పూర్తిగా నావైపు తిప్పి మాట్లాడాడు. నాకు పెదాలు కనపడాలని. ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాడట. నేనే గమనించలేదు. ఘాట్ రోడ్డు మలుపులో కూడా అలాగే తిరిగాడు. "ముందు చూసి నడపవయ్యా, చెవులకోసం వచ్చి ప్రాణాలు పోగొట్టుకుంటాం" అన్నాను. మా ఇద్దరి మధ్యా ఆ విషయం బయటికి రావడం అదే మొదలు.

ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటనిచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల డాక్టరమ్మ కూర్చుంది. మొదట బాగానే నొక్కాను. తర్వాత నిశ్శబ్దం. పరీక్ష అయిపోయిందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే డాక్టరమ్మ చేతులు కదులుతూనే ఉన్నాయి. మీటలు తిప్పుతోంది, నావైపు చూస్తోంది, ఏదో రాసుకుంటోంది, మళ్ళీ తిప్పుతోంది. ఆవిడ పంపుతున్న శబ్దాలేవీ నాదాకా రావడం లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఈ గాలినీ, లైనునీ, మీ బావ గొంతునీ ఇన్నాళ్ళూ ఎంత గట్టిగా పట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

లోపల నరం బలహీనపడిందట, రెండు చెవుల్లోనూ. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. ఆవిడ తేలిగ్గా చెప్పింది: "మీకు అచ్చులు వినపడుతున్నాయి, హల్లులు చాలావరకు పోతున్నాయి." ఆపమంటారా, నడపమంటారా. నాదాకా వచ్చింది ఆ చివరి "మంటారా" ఒక్కటే. మిగతాది నేనే పూరించుకున్నాను.

కొండెక్కగానే ఆఫీసరుగారి గదికి వెళ్ళాను. "ఆరోజు లైను బాగానే ఉందండీ. బాగోలేనివి నా చెవులు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ అనుమానం ఉందమ్మా. అడగడానికి మొహమాటపడ్డాను. అడగాల్సింది. ఆ బండిలో చంటిబిడ్డ ఉంది కదా" అన్నారు. ఆ మాట ఇద్దరికీ తగిలింది. పైకి రాస్తారట. ఏం వస్తుందో చూడాలి.

నీకెందుకు చెప్పలేదని అడిగావు. మన ఇంట్లో ఏ వస్తువు పాడైనా చిన్నప్పటినుంచి నువ్వు విప్పదీసేవాడివి. నన్ను కూడా అలా బల్ల మీద పెడతావని భయమేసింది. అంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

అక్క


షాపు పైగది నుంచి,
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. మధ్యలో కాగితం లాక్కుని మిగతాది తనే చదివింది.

ఒక్క మాట చెప్పనీ. మనుషులంతా గొణుగుతున్నారని మార్చిలోనే రాశావు. వెనక నుంచి, గాలిలో, ఫోనులో పనిచేస్తుందా అని అడిగావు. పరీక్ష చేసి జవాబు కూడా రాశాను గానీ, ఎందుకడుగుతున్నావని ఒక్కసారి ఆలోచించలేదు. సాటి మనిషి మాట కంటే డబ్బా మీదే నా ధ్యాసంతా.

డబ్బా స్టెనో ఆవిడకి చేరింది. ఆవిడ దాన్ని కోర్టుకి తీసుకెళ్ళలేదు, అనుమతి లేదట. భోజనాల వేళ వరండాలో లాయర్ల మధ్య పెట్టిందట. ఒక్కరు మాట్లాడితే తనకంటే వేగంగానే రాసిందట. నలుగురు ఒకేసారి అరిస్తే ఎవరిది ఎవరికో అంటగట్టిందట. చివర్లో ఇలా రాసింది: "సాక్షి మాట్లాడలేక ఏడిస్తే దీని తెర ఖాళీగా ఉంటుంది. నేనైతే 'సాక్షి ఏడ్చింది' అని రాస్తాను. ఇంకొంతకాలం నా కుర్చీ నాదే అనుకుంటున్నాను." ఆవిడ అనుమతితో అది బ్లాగులో వేశాను. కంపెనీ మీద కోపంతో ఎగబడి వచ్చినవాళ్ళు నెల తిరక్కుండా వెళ్ళిపోయారు గానీ, ఇది చదివినవాళ్ళు కొందరు ఉండిపోయారు. పార్సిళ్ళు మాత్రం రావడం లేదు. పైగదిలో అరలన్నీ ఖాళీ. మీ మరదలు వాటిలో బట్టలు సర్దుకుంటోంది.

నీకు చెవి మిషన్లు వస్తాయని బావ చెప్పారు. ఒకటి అడుగుతాను, వద్దంటే మర్చిపో. వాటి గురించి మా బ్లాగుకి రాస్తావా? నేను విప్పి లోపల ఏముందో చెప్పగలను. పెట్టుకున్న మనిషికి ఎలా ఉంటుందో చెప్పలేను. మారుపేరుతోనైనా సరే.

తమ్ముడు


కొండ మీద, వాతావరణ కేంద్రం,
నవంబరు

ఒరేయ్ తమ్ముడూ,

దీంతోపాటు వ్యాసం పెట్టాను. అక్షరదోషాలుంటే దిద్దు, అభిప్రాయాలు దిద్దకు. మారుపేరు వద్దు, నా పేరే వెయ్యి. రాసింది నీ అక్క అని మొదటి వాక్యంలోనే చెప్పు. మిషన్లు ఎవరూ ఊరికే ఇవ్వలేదు, నేనే కొనుక్కున్నానని కూడా.

వాటిని నేను మెచ్చుకోలేదు, చూస్తావుగా. మొదటి వారం నరకమే. కాగితం మడిస్తే తగరం రేకు నలిపినట్టుంది. వంటాయన గిన్నె కింద పెడితే ఉలిక్కిపడి లేచాను. నా గొంతు నాకే ఎవరో మైకులో మాట్లాడుతున్నట్టు వినిపించింది. మీ బావ వచ్చి మామూలుగా "ఎలా ఉన్నావు?" అంటే, "ఎందుకలా అరుస్తారు?" అన్నాను. ఆయన సంచీ కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు అలవాటవుతోంది. గాలిలో మాత్రం ఇవీ నీ డబ్బాలాగే, హోరు తప్ప ఏమీ రాదు. అదీ రాశాను.

పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఫోను పని నాకు లేదు. రోప్‌వే వాళ్ళు ఇకనుంచి తెర మీద రాసి అడగాలి, మేం రాసి చెప్పాలి. ఎవరి చెవులు ఎలా ఉన్నా అదే పద్ధతి. అది మంచిదే. ఆఫీసరుగారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు, ఆ కుర్చీ నాదనుకున్నాను. నాకంటే జూనియరుకి ఇచ్చారు. కారణం రాయలేదు. ఎందుకో అందరికీ తెలుసు. కోపంగా ఉంది. అప్పీలు రాసి పంపాను. వాళ్ళేమంటారో తెలియదు.

రోప్‌వే స్టేషనుకి కూడా వెళ్ళాను. ఆ కుర్రాడు ఆరోజు నుంచి తనదే తప్పనుకుంటున్నాడు. "మీరు వద్దు అంటే వద్దనే విన్నానండీ, ఇంకోసారి అడగాల్సింది" అన్నాడు. "నువ్వు సరిగ్గానే విన్నావు. విననిది నేను" అన్నాను. ఇద్దరం కాసేపు బళ్ళు వచ్చిపోవడం చూస్తూ నిలబడ్డాం.

నిన్న మిషన్లు సరిచేయించుకోవడానికి జీపులో కిందికి దిగాను. రెండు మలుపులు దాటాక ముందు సీటులోంచి ఏదో వినపడింది. ఇంజనేమో అనుకున్నాను. కాదు, డ్రైవరు పాడుతున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ జీపులో అతని వెనకే కూర్చుంటున్నాను, రోజూ పాడతాడట. శ్రుతీ లేదు, తాళమూ లేదు. పైన ఎత్తుకున్న పాట కింద ఇంకేదో పాట అయిపోయింది. అద్దంలో నన్ను చూసి, నాకు వినపడుతోందని గుర్తొచ్చి, సిగ్గుపడి ఆపేశాడు.

"ఆపకు, కానీ" అన్నాను.

ఆసుపత్రి గేటు దాకా పాడాడు.

అక్క